టపటప పడవ

కోనసీమలో పుట్టినవాడికి తీర్థం అంటే అంతర్వేదే. మాఘమాసంలో దశమి రాత్రి స్వామివారి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశి నాడు రథం. మా నాన్న దేవుడి కోసం వెళ్లేవాడు. మా అమ్మ చేటలూ జల్లెడలూ కొనడానికి వెళ్లేది. నేను మాత్రం పడవ కోసం వెళ్లేవాణ్ని.

ఏం పడవ అంటారా? మీకూ గుర్తుండే ఉంటుంది. జానెడు కూడా ఉండని రేకు పడవ. ఎర్రరంగూ పచ్చరంగూ పూసి ఉండేది. వెనకవైపు నీళ్లలో మునిగేలా రెండు సన్నటి గొట్టాలు, మధ్యలో పాకలాంటి చిన్న కప్పు, కప్పు కింద నూనెలో తడిపిన వత్తి పెట్టుకునే రేకు గరిటె. గొట్టాల్లోకి నీళ్లు పోసి, బేసిన్లో వదిలి, వత్తి వెలిగించి లోపలికి తోస్తే కాసేపు ఏమీ జరగదు. కొన్నవాడి మొహం చిన్నబోతుంది. అమ్మేవాడు మాత్రం బీడీ పీలుస్తూ నింపాదిగా కూర్చుంటాడు. అప్పుడు మొదలవుతుంది... టప్... టప్... టపటపటపటప! సఖినేటిపల్లి రేవులో లాంచీ కదిలినట్టే చప్పుడు చేస్తూ బేసిన్ అంచు పట్టుకుని తిరిగేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా నాన్న అర్ధరూపాయి పెట్టి కొనిచ్చాడు. మా వీధిలో అందరూ దాన్ని దీపం పడవ అనేవారు. మూడో రోజుకి మాటు ఊడి నీళ్లు కారిపోయి ఆగిపోయింది. దానికోసం నేను ఏడ్చిన ఏడుపు మా అమ్మ చివరిదాకా చెప్పి నవ్వేది.

ఆ పడవే నన్ను సైన్సు మాస్టారుని చేసిందని చెప్పుకుంటే బాగుంటుంది గానీ, నిజం అది కాదు. బీయెస్సీ తర్వాత బీయీడీలో సీటొచ్చింది, 1984లో ఉద్యోగం వచ్చింది. అంతే. కాకపోతే న్యూటన్ మూడో సూత్రం చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ పడవ గుర్తొచ్చింది. ఆ ఏడు తీర్థంలో ఒకటి కొని క్లాసుకి తీసుకెళ్లాను. పిల్లలు బేసిన్ చుట్టూ మూగిపోయారు. బ్లాకుబోర్డు మీద గంటసేపు గీసినా రాని శ్రద్ధ ఒక్క నిమిషంలో వచ్చేసింది. అప్పట్నుంచీ ప్రతి ఏడూ అదే పాఠం, అదే పడవ.

"చూశారా! లోపల నీళ్లు మరిగి ఆవిరవుతున్నాయి. ఆవిరి వెనక్కి పోతోంది, పడవ ముందుకి పోతోంది. చర్యకు ప్రతిచర్య. రాసుకోండి" అనేవాణ్ని.

రాసుకునేవారు.

1987లో అనుకుంటాను, తొమ్మిదో తరగతి. మూడో బెంచీలో గోడవైపు కూర్చునే అమ్మాయి లేచి నిలబడింది. సాధారణంగా నోరు విప్పని పిల్ల. రెండు జడలు, నీలం పరికిణీ.

"మాస్టారూ, మా తమ్ముడికీ ఇలాంటిదే కొన్నారండి. నడుస్తున్నప్పుడు గొట్టం దగ్గర వేలు పెట్టి చూశానండి. ఓసారి తోస్తోంది, ఓసారి లాగుతోందండి."

"అయితే?"

"తోసినప్పుడు ముందుకెళితే, లాగినప్పుడు వెనక్కి రావాలి కదండీ? ఉన్నచోటే ఊగాలి కదండీ? మరి ముందుకే ఎందుకెళ్తందండీ?"

ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రశ్నకి నమస్కారం పెట్టాలనిపిస్తుంది. ఆ రోజు నాకొచ్చింది ఒళ్లుమంట. ఎందుకంటే సమాధానం తెలీదు. గొట్టం నీళ్లని లోపలికి లాగుతుందన్న సంగతే నాకు అప్పటిదాకా తెలీదు. మూడేళ్లుగా బేసిన్ పక్కనే నిలబడి పాఠం చెప్పినవాణ్ని, ఒక్కసారీ వేలు పెట్టి చూడలేదు. తెలీదమ్మా, రేపు చెబుతాను అంటే సరిపోయేది. ఆ మాట నా నోట్లోంచి రాలేదు. ఇరవయ్యెనిమిదేళ్ల వాణ్ని, నలభైమంది పిల్లలు చూస్తున్నారు.

"పుస్తకంలో ఉన్నది రాసుకోవడం రాదు గానీ, అతితెలివి ప్రశ్నలొకటా? ఎక్కు బెంచీ!" అన్నాను.

గంట కొట్టేదాకా బెంచీ మీదే నిలబడింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో, నేను దింపేసేవాణ్ని. ఆ తర్వాత పదో తరగతి అయిపోయేదాకా నా క్లాసులో ఆ పిల్ల మళ్లీ ఒక్క ప్రశ్న అడగలేదు. పరీక్షలయ్యాక పెళ్లి చేసేశారని విన్నాను. ఆ రోజుల్లో ఆ ఊళ్లో చాలామంది ఆడపిల్లలకి జరిగిందే అది. నావల్లే చదువు ఆగిందని అనను. అలా అనుకోవడం కూడా ఒకరకంగా నాకు నేనే పెద్దపీట వేసుకోవడం. కానీ ఆ బెంచీ, ఆ గోడ, ఆ రెండు జడలు మాత్రం కళ్లలోంచి పోలేదు.

పదేళ్లు గడిచాయి. 1996 వేసవిలో హైదరాబాదులో మా బావమరిది ఇంటికెళ్లాం. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు వెతుకుతుంటే రిచర్డ్ ఫైన్‌మన్ రాసిన పుస్తకం దొరికింది. 1985లో వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకం. బేరమాడి కొన్నాను. తిరుగు రైల్లో చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను.

తోటలో గడ్డికి నీళ్లు చిమ్ముతూ గిరగిరా తిరిగే గొట్టం చూసే ఉంటారు. నీళ్లు ఒకవైపు చిమ్ముతుంటే గొట్టం రెండోవైపు తిరుగుతుంది. మరి అదే గొట్టాన్ని నీళ్లలో ముంచి, చిమ్మడానికి బదులు పీల్చేట్టు చేస్తే ఎటు తిరుగుతుంది? ప్రిన్స్‌టన్‌లో చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్న మీద అక్కడి మహామహులంతా రెండు జట్లుగా చీలిపోయారట. తేల్చేద్దామని ఫైన్‌మన్ పెద్ద గాజుసీసాలో ప్రయోగం పెట్టి, గాలి ఒత్తిడి పెంచుకుంటూ పోతే సీసా భళ్లున పేలి నీళ్లూ గాజుముక్కలూ ప్రయోగశాలంతా చిమ్మాయట. చదివినవాళ్లంతా అక్కడ నవ్వుకుంటారు. నాకు నవ్వు రాలేదు. రైలు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. 'ఓసారి తోస్తోంది, ఓసారి లాగుతోందండి' అన్న మాట చెవిలో వినిపిస్తూనే ఉంది. ఎర్న్‌స్ట్ మాక్ అనే మహాశాస్త్రవేత్త 1883లోనే తన పుస్తకంలో చర్చించిన ప్రశ్న అది. అలాంటిదాన్ని ఒక పరికిణీ పిల్ల బేసిన్లో వేలు పెట్టి కనిపెడితే, నేను బెంచీ ఎక్కించాను.

ఇంటికొచ్చాక దాని వెంటపడ్డాను. ముందు నాకు తెలిసింది, నేను చెప్పిన పాఠం మొదటి వాక్యమే తప్పని. ఆ పడవలోంచి ఆవిరి బయటికి రానే రాదు. వచ్చేది నీళ్లే. కప్పు కింద చెంచాడు నీళ్లు కూడా పట్టని పల్చటి డబ్బీ ఉంటుంది. దీపం వేడికి అందులో కొద్ది నీరు ఆవిరవుతుంది. ఆవిరి వ్యాకోచించి, గొట్టాల్లో ఉన్న నీటిని తుపాకీలోంచి గుండులా వెనక్కి తోస్తుంది. ఆ ఊపులో నీరు కొంచెం ఎక్కువ దూరమే వెళ్లిపోతుంది. ఆవిరి దాని వెనకే చల్లటి గొట్టంలోకి జరిగి, అక్కడ మళ్లీ నీరైపోతుంది. లోపల ఒత్తిడి పడిపోతుంది. బయటి గాలి ఒత్తిడి నీటిని మళ్లీ లోపలికి నెడుతుంది. అది వెళ్లి వేడి డబ్బీకి తగలడం, మళ్లీ ఆవిరి. సెకనుకి కొన్నిసార్లు ఇదే తంతు. ఒత్తిడి పెరిగినప్పుడు డబ్బీ పైరేకు ఉబ్బుతుంది, తగ్గినప్పుడు లోపలికి సొట్ట పడుతుంది. మనం విన్న టపటప ఆ రేకుదే. పిస్టను లేదు, వాల్వు లేదు, చక్రం లేదు. నీరే పిస్టను. ఇంతకన్నా తక్కువ సరంజామాతో నడిచే ఇంజనుని నేనింతవరకు చూడలేదు.

మరి లాగినప్పుడు వెనక్కెందుకు రాదు? దీనికి జవాబు మాకు కరెంటు పోయిన రాత్రి దొరికింది. బల్లమీద కొవ్వొత్తి వెలుగుతోంది. మూరెడు దూరం నుంచి ఉఫ్ అని ఊదాను, ఆరిపోయింది. మా ఆవిడ వెలిగించింది. ఈసారి అంతే దూరం నుంచి గాలిని బలంగా లోపలికి పీల్చాను. దీపం చెక్కు చెదరలేదు. దగ్గరికి జరిగి పీల్చాను. అప్పుడూ అంతే. ఇంకా దగ్గరికి... మీసం కమురు వాసనొచ్చింది.

"దీపాన్ని నోటితో ఊదకూడదని చిన్నప్పుడెవరూ చెప్పలేదా? ఊదేది చాలక పీలుస్తున్నారు కూడానా!" అంది మా ఆవిడ.

అదండీ సంగతి. ఊదినప్పుడు గాలి ఒక ధారగా, ఒకే దిక్కుకి దూసుకుపోతుంది. పీల్చినప్పుడు ముందునుంచీ పక్కలనుంచీ పైనుంచీ కిందనుంచీ నాలుగు దిక్కుల గాలీ కొంచెం కొంచెంగా వచ్చి చేరుతుంది. పడవ గొట్టమూ నోటి లాంటిదే. చిమ్మేటప్పుడు నీరంతా ఒక్కటై నేరుగా వెనక్కి వెళుతుంది, పడవకి ముందుకి తోపు తగులుతుంది. పీల్చేటప్పుడు నలువైపుల నుంచీ వస్తుంది. ఆ వేళ గొట్టం మూతి దగ్గర ఒత్తిడి తగ్గి పడవ వెనక్కి రాబోతుంది గానీ, లోపలికి దూసుకొచ్చిన నీరు పడవలోనే ఆగాలి కదా, ఆగుతూ పడవని ముందుకి తోస్తుంది. ఆ లాగుడుకీ ఈ తోపుకీ దాదాపు చెల్లు. మిగిలేది చిమ్మినప్పటి తోపే. అందుకే టప్పుకొక్క అడుగు చొప్పున పడవ ముందుకే.

ఆ తర్వాత 2019లో రిటైరయ్యేదాకా పాఠం మార్చి చెప్పాను. ముందు పడవ నడిపించి, పిల్లలందరిచేతా గొట్టం దగ్గర వేలు పెట్టించి, ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నే నేనడిగేవాణ్ని. ఎవరి ప్రశ్నో చెప్పేవాణ్ని కాదు. చెప్పాల్సింది.

రిటైరయ్యాక తీరిక ఎక్కువ కదా, పడవ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. 1891లో థామస్ పియో అనే ఫ్రెంచివాడు ఇంగ్లండులో దీనికి పేటెంటుకి దరఖాస్తు చేశాడు. 1915లో చార్లెస్ మెక్‌హ్యూ అనే అమెరికన్ చప్పుడు చేసే పల్చటి రేకు డబ్బీకి దరఖాస్తు పెట్టాడు. మా అంతర్వేది తీర్థానికొచ్చిన పడవ ఆ రెండో రకానికి మనవడన్న మాట. అంతకన్నా ఆశ్చర్యం ఇంకోటి. బొమ్మ రావడానికి వందేళ్ల ముందే నిజం పడవ వచ్చింది! అమెరికాలో జేమ్స్ రమ్సే అనే ఆయన 1787 డిసెంబరు 3న పొటోమాక్ నది మీద, షెపర్డ్స్‌టౌన్ దగ్గర, జనం చూస్తుండగా పడవ నడిపాడు. తెడ్డు లేదు, తెరచాప లేదు. ఆవిరి యంత్రం పంపుని నడుపుతుంది, పంపు నదిలో నీటిని తోడి పడవ వెనకనుంచి చిమ్ముతుంది. ఏటికి ఎదురుగా గంటకి మూడు నాలుగు మైళ్లు వెళ్లిందట. 1787కీ మా క్లాసు గొడవకీ మధ్య సరిగ్గా రెండొందల ఏళ్లు. కాకతాళీయమే అనుకోండి.

రమ్సే కథ చదువుతుంటే జాలేస్తుంది. ఎన్నాళ్లో ముందే, 1784లో, కోలలతో ఏటికెదురు పోయే మరో పడవ నమూనా చూపించి జార్జి వాషింగ్టన్ చేత మెచ్చుకోలు పత్రం రాయించుకున్నాడు. నీళ్లు చిమ్మి పడవ నడపొచ్చని 1785లో తానే రాసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ లాంటి పెద్దలు కలిసి 1788లో ఈయన పేరిట ఒక సంఘమే పెట్టారు. కానీ జాన్ ఫిచ్ అనే మరొకాయన అదే 1787 ఆగస్టులో ఫిలడెల్ఫియాలో ఆవిరితో తెడ్లు వేయించి పడవ నడిపేశాడు. ముందెవరన్న తగాదా. రమ్సే లండన్ వెళ్లి కొత్త పడవ కట్టుకుంటూ 1792 డిసెంబరులో అక్కడే కన్నుమూశాడు. మర్నాటి ఏడు, 1793లో, అది థేమ్స్ నది మీద నడిచింది. చూసుకోవడానికి ఆయన లేడు. 1807లో ఫుల్టన్ పెద్ద చక్రాల పడవ నడిపితే పేరంతా అటే పోయింది. మన పుస్తకాల్లో నేను చెప్పింది కూడా ఫుల్టన్ పేరే.

నీటిధార పడవలు మాత్రం పూర్తిగా పోలేదు. 1866లో బ్రిటిష్ నౌకాదళం వాటర్‌విచ్ అనే యుద్ధనౌకని ఆవిరి పంపుతో ఇలాగే నడిపి చూసింది. న్యూజిలాండులో గొర్రెలు మేపుకునే రైతు విలియం హామిల్టన్ 1950ల్లో రాళ్లున్న, లోతు లేని ఏళ్లలో తిరగడానికి పెట్రోలు ఇంజనుతో జెట్ బోటు చేశాడు. కింద పంఖా ఉండదు కాబట్టి రాయి తగిలి విరిగేదీ ఉండదు. ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ 1977లో అలాంటి బోట్లేసుకునే గంగాసాగరం నుంచి గంగలో ఎదురెక్కాడు. ఇక మా రేకు పడవంటారా, వత్తిలో కాలిన నూనె వేడిలో నూటికొక వంతు కూడా తోపుగా మారదు. అందుకే అది బొమ్మగానే ఉండిపోయింది. జపాను దర్శకుడు మియజాకి 2008లో తీసిన 'పోన్యో' అనే బొమ్మల సినిమాలో మాత్రం అది మంత్రంతో పెద్దదై పిల్లల్ని ఎక్కించుకుని వరద నీళ్లలో టపటపా పోతుంది. మా మనవడు చూపించాడు. వాడికన్నా నేనే ఎక్కువ సంబరపడ్డాను.

అసలు నన్ను కదిలించింది 2024 జనవరిలో వచ్చిన వార్త. ఆ పీల్చే గొట్టం ప్రశ్నని న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు తేల్చారని. అది తిరుగుతుందట, వెనక్కే తిరుగుతుందట, కానీ చిమ్మేటప్పటికన్నా యాభై రెట్లు మెల్లగా! మాక్ అడిగి నూట నలభై ఏళ్లు. దానిమీద ఇంకా వ్యాసాలు రాస్తున్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే మా ఊరి పాత విద్యార్థులకి ఫోన్లు చేశాను. నాలుగో ఫోనులో తెలిసింది. నరసాపురం అవతల ఒక ఊళ్లో ఉందట, భర్తా తనూ కిరాణా కొట్టు నడుపుతున్నారట.

ఫిబ్రవరిలో తీర్థానికెళ్లి ప్లాస్టిక్ బొమ్మల దుకాణాలన్నీ గాలించాను. చివరి కొట్లో ఒక మూల దొరికింది రేకు పడవ. నూట యాభై అన్నాడు, బేరమాడలేదు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. వశిష్ఠ గోదావరి దాటుతున్నంతసేపూ ఏమని మొదలుపెట్టాలా అనే ఆలోచన. ముప్పయ్యేడేళ్ల తర్వాత క్షమించమ్మా అంటే, ఎవరండీ మీరు అంటుందేమో!

కొట్టు ముందు ఆటో దిగగానే గుర్తుపట్టేసింది. "మాస్టారండీ!" అంటూ గల్లా పెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చింది. జుట్టు సగం నెరిసింది. కాళ్లకి దణ్ణం పెట్టబోతే వారించాను. మజ్జిగిచ్చింది. భర్తని పరిచయం చేసింది. కూతురి కొడుకు, నాలుగేళ్లవాడు, నా సంచీ కేసే చూస్తున్నాడు.

చెప్పేశాను. తడబడుతూనే. నువ్వడిగింది సరైన ప్రశ్న, నాకు జవాబు తెలీక నిన్ను బెంచీ ఎక్కించాను, తప్పు నాది, అని.

తను కాసేపు ఆలోచించింది. "గుర్తులేదండి మాస్టారూ. మీరు అందర్నీ ఎక్కించేవారు కదండీ" అంది నవ్వుతూ.

వేళాకోళం కాదు, మామూలుగానే అంది. నాకు మాత్రం మజ్జిగ గొంతు దిగలేదు. ముప్పయ్యేడేళ్లు నేను ఒక్క బెంచీని మోస్తున్నాననుకున్నాను!

"పడవ గుర్తుందండి. మీ వేలు కాలింది. చొక్కా మీద నూనె ఒలికింది. మేమంతా నవ్వాపుకోలేక చచ్చాం" అంది మళ్లీ. నాకది గుర్తేలేదు.

సంచీలోంచి పడవ తీశాను. మనవడు గెంతాడు. తను చేతిలోకి తీసుకుని తిరగేసి చూసింది. నేను పాఠం మొదలెట్టాను, అలవాటు పోదు కదా. "దీనికి రెండు గొట్టాలెందుకున్నాయో తెలుసా? నిజానికి నడవడానికి ఒక్కటి చాలు..."

"నీళ్లు పొయ్యడానికేమోనండి" అంది.

"ఎలా చెప్పావు?"

"నూనె డబ్బాకి రెండు కన్నాలు పెట్టమాండీ? ఒకదాంట్లోంచి నూనొస్తే రెండోదాంట్లోంచి గాలెళ్తది. ఒక్కటే పెడితే బుడుక్ బుడుక్‌మని ఆగిపోద్ది. ఇక్కడ గాలి బయటికి రావాలి కాబోలు, నీళ్లు లోపలికెళ్లడానికి."

నాకిది తెలుసుకోవడానికి పుస్తకాలు కావలసి వచ్చాయి.

లోపల్నుంచి చుక్కలమందు ఫిల్లరు తెచ్చింది. ఒక గొట్టంలో మెల్లగా నీళ్లు పోసి రెండో గొట్టంలోంచి కారేదాకా ఆగింది. కొట్టులోదే కొబ్బరినూనె, దీపారాధన వత్తుల పొట్లంలోంచి ఒక వత్తి. మినపప్పు నానబోసే బేసిన్ ఖాళీ చేసి నీళ్లు పట్టింది. సరుకులకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లు కూడా వంగి చూస్తున్నారు. కాసేపు ఏమీ జరగలేదు. మనవడి మొహం చిన్నబోయింది.

టప్... టప్... టపటపటపటప!

పిల్లాడు కేరింతలు. తను చీర కొంగు దోపుకుని బేసిన్ పక్కన గొంతుక్కూర్చుంది. పడవ తన వైపు తిరిగొచ్చినప్పుడు చూపుడువేలు నీళ్లలో పెట్టి గొట్టం దగ్గర ఆనించింది. పడవ వేలి మీదుగా జారి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పెట్టింది. నాకేసి చూడకుండానే అంది...

"తోస్తోంది ఎక్కువగానే తెలుస్తోందండి. లాగడం తక్కువుందండి మాస్టారూ."